క్యాన్సర్ కణానికీ అదే అండ: హెచ్‌ఎస్‌పీ90 ప్రొటీన్ చేసే పని

‘హీట్ షాక్ ప్రొటీన్’ అనే మాట పాఠకులకు రెండు విరుద్ధమైన చోట్ల ఎదురవుతోంది. ఆవిరి స్నానాలు ఈ ప్రొటీన్లను పెంచుతాయి కాబట్టి ఆరోగ్యానికి మేలని ఒకచోట రాస్తారు. అదే కుటుంబానికి చెందిన ప్రొటీన్‌ను అణచివేసే మందును క్యాన్సర్ రోగులకు ఇస్తున్నారని ఇంకొకచోట రాస్తారు. రెండూ చదివినవారికి సహజంగానే సందేహం వస్తుంది. ఇంతకీ దీన్ని పెంచుకోవాలా, తగ్గించుకోవాలా?

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. ఎందుకు లేదో తెలియాలంటే ఈ కుటుంబం మొత్తాన్నీ ఒకేసారి చూడకుండా ఒక్క సభ్యుడిని దగ్గరగా చూడటం మేలు. అందుకు నేను ఎంచుకున్నది హెచ్‌ఎస్‌పీ90. మన ప్రతి కణంలోనూ ఉంటుంది, సమృద్ధిగా ఉంటుంది. దాని చుట్టూ జరిగిన పరిశోధనలో ఆశలూ ఉన్నాయి, ఎదురుదెబ్బలూ ఉన్నాయి.

మడత కుదిరితేనే ప్రొటీన్

కణంలో ప్రొటీన్ పుట్టేటప్పుడు దానికి ఆకారం ఉండదు. రైబోజోము అమైనో ఆమ్లాలను ఒకదాని తరువాత ఒకటిగా గుచ్చి పొడవాటి గొలుసును బయటికి వదులుతుంది. ఆ గొలుసు తనలో తాను ముడుచుకుని ఒక నిర్దిష్టమైన ఆకారానికి వస్తేనే పనికి వస్తుంది. ఎంజైము అయితే దాని గుంటలో సరైన రసాయనం ఇమడాలి. హార్మోను గ్రాహకం అయితే సరైన హార్మోను ఇమడాలి. ఆకారం చెడితే గొలుసు ఎంత పొడవున్నా వృథా.

ఆ ఆకారానికి కావలసిన సమాచారమంతా గొలుసులోని అమైనో ఆమ్లాల వరుసలోనే ఉంటుందని క్రిస్టియన్ అన్ఫిన్సెన్ చూపించారు. రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమును రసాయనాలతో పూర్తిగా విప్పేసి, ఆ రసాయనాలను తొలగిస్తే అది తనంతట తానే మళ్లీ ముడుచుకుని పనిచేయడం మొదలుపెట్టింది. ఈ కృషికి 1972లో ఆయనకు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

అయితే ఆ ప్రయోగం జరిగింది పరీక్షనాళికలో, పలుచని ద్రావణంలో. కణం లోపలి పరిస్థితి వేరు. అక్కడ ప్రొటీన్లు ఒకదానికొకటి రాసుకుంటూ కిక్కిరిసి ఉంటాయి. సగం ముడుచుకున్న గొలుసులో నీటిని ఇష్టపడని భాగాలు బయటికి కనిపిస్తుంటాయి. పక్కనే అలాంటిదే మరో గొలుసు ఉంటే ఈ భాగాలు పరస్పరం అతుక్కుని ముద్దగా మారిపోతాయి. ఒకసారి ముద్ద కట్టాక విడదీయడం చాలా కష్టం. ఉష్ణోగ్రత పెరిగితే ఈ ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

తోడు అనే పేరు

1962లో ఇటలీ శాస్త్రవేత్త ఫెరూచియో రిటోసా పండు ఈగ లార్వాల లాలాజల గ్రంథుల్లో క్రోమోజోములను సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తున్నారు. ప్రయోగశాలలో ఎవరో పొదిగే పెట్టె ఉష్ణోగ్రత పెంచేశారు. క్రోమోజోముల మీద అంతకుముందు లేని చోట్ల ఉబ్బులు కనిపించాయి. ఉబ్బు అంటే అక్కడి జన్యువులు చురుగ్గా పనిచేస్తున్నాయని అర్థం. వేడి తగలగానే కణం ఏవో కొత్త జన్యువులను మేల్కొల్పుతోంది. ఆ జన్యువుల నుంచి తయారయ్యే ప్రొటీన్లు 1974లో బయటపడ్డాయి. వేడి దెబ్బకు పుట్టుకొచ్చాయి కాబట్టి హీట్ షాక్ ప్రొటీన్లు అన్నారు. హెచ్‌ఎస్‌పీ70, హెచ్‌ఎస్‌పీ90 అనే పేర్లలోని అంకెలు సుమారుగా వాటి అణుభారాన్ని కిలోడాల్టన్లలో చెబుతాయి.

‘షాపెరోన్’ అనే మాట వేరే దారిలో వచ్చింది. యువతి బయటికి వెళ్లినప్పుడు ఆమెకు తోడుగా వెళ్లి, అనుచితమైన పరిచయాలు ఏర్పడకుండా కనిపెట్టి ఉండే పెద్దావిడను ఇంగ్లీషు, ఫ్రెంచి వాళ్లు అలా పిలిచేవారు. డీఎన్ఏ, అది చుట్టుకునే హిస్టోన్ ప్రొటీన్లు అడ్డదిడ్డంగా అతుక్కోకుండా చూసే ఒక ప్రొటీన్‌కు రాన్ లాస్కీ బృందం 1978లో ఈ మాటను వాడింది. 1987లో జాన్ ఎల్లిస్ దాన్ని ఈ తరహా ప్రొటీన్లన్నింటికీ విస్తరించారు. పోలికలో ఒక సూక్ష్మం ఉంది. తోడు వెళ్లే మనిషి దారి చూపించదు, గమ్యం నిర్ణయించదు. తప్పుడు కలయికలను అడ్డుకుంటుంది, అంతే. షాపెరోన్ ప్రొటీన్లు కూడా గొలుసుకు ఏ ఆకారం రావాలో చెప్పవు. ఆ ఆకారం వచ్చేలోగా చెడిపోకుండా కాపాడతాయి.

షాపెరోన్లన్నీ హీట్ షాక్ ప్రొటీన్లు కావు, హీట్ షాక్ ప్రొటీన్లన్నీ వేడికే పుట్టవు. హెచ్‌ఎస్‌పీ90 మామూలు రోజుల్లో కూడా కణంలోని మొత్తం ప్రొటీన్‌లో 1 నుంచి 2 శాతం దాకా ఉంటుంది. వేల రకాల ప్రొటీన్లున్న చోట ఒక్కదానికే ఇంత వాటా దక్కిందంటే దాని అవసరం ఎంతటిదో ఊహించవచ్చు.

‘ఫార్మకొలాజికల్ షాపెరోన్’ అనే మాట కూడా వార్తల్లో వస్తుంది. అది ప్రొటీన్ కాదు, మందు. ఫాబ్రీ అనే అరుదైన జన్యు వ్యాధికి వాడే మిగలాస్టాట్ అటువంటిదే. ఒక ఫలానా ప్రొటీన్‌కు నేరుగా అతుక్కుని దాని ఆకారాన్ని నిలబెట్టే చిన్న అణువు అది. పేరు కలిసినా హెచ్‌ఎస్‌పీ90తో దానికి సంబంధం లేదు.

రెండు చేతుల యంత్రం

హెచ్‌ఎస్‌పీ90 ఎప్పుడూ జంటగానే పనిచేస్తుంది. రెండు ప్రతులు ఒక కొసన కలిసి ఉంటాయి, రెండో కొసన చేతుల్లా విడివిడిగా తెరుచుకుని ఉంటాయి. కణానికి ఇంధనమైన ఏటీపీ వచ్చి ఆ చేతుల కొసల్లోని గుంటల్లో కూర్చోగానే చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని మూసుకుంటాయి. ఏటీపీ ఖర్చయ్యాక మళ్లీ తెరుచుకుంటాయి. మనుషుల్లో ఈ చక్రం చాలా నెమ్మది, ఒక్కసారి తిరగడానికి నిమిషాలు పడుతుంది. సెకనులో వేల పనులు చేసే ఎంజైములతో పోలిస్తే ఇది తాపీగా సాగే పని. ఆ నెమ్మదితనమే దాని బలం, పట్టుకున్న ప్రొటీన్‌కు కుదురుకునే వ్యవధి దొరుకుతుంది.

మనలో ఇది నాలుగు రూపాల్లో ఉంటుంది. ఆల్ఫా, బీటా అనేవి కణద్రవ్యంలో ఉంటాయి. జీఆర్‌పీ94 బయటికి పంపాల్సిన ప్రొటీన్లు తయారయ్యే అంతర్జీవద్రవ్యజాలంలో, ట్రాప్1 మైటోకాండ్రియాలో ఉంటాయి. ఆల్ఫా, బీటా రెండూ చూడటానికి కవలల్లా ఉన్నా సమానం కావు. ఎలుకల్లో బీటా జన్యువును తొలగిస్తే పిండదశలోనే చనిపోతాయి. ఆల్ఫాను తొలగిస్తే బతుకుతాయి, మగవాటికి మాత్రం సంతానం కలగదు. ఈ తేడాను గుర్తుంచుకోండి, మందుల దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

కార్టిసాల్ తలుపు తట్టేదాకా

ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. ఒంట్లో ఒత్తిడి పెరిగినప్పుడు కార్టిసాల్ విడుదలవుతుంది. ఉబ్బసానికి, కీళ్లవాతానికి ఇచ్చే ప్రెడ్నిసొలోన్ కూడా దానిలాగే పనిచేస్తుంది. ఇవి కణంలోకి వెళ్లి గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకం అనే ప్రొటీన్‌లో ఇమిడితేనే ఫలితం ఉంటుంది.

ఈ గ్రాహకానికి ఒక బలహీనత ఉంది. హార్మోను కూర్చోవలసిన గుంట దానికి తనంతట తానుగా నిలకడగా ఉండదు. ముందుగా హెచ్‌ఎస్‌పీ70 వచ్చి గ్రాహకాన్ని పట్టుకుని కొంత విప్పేస్తుంది. ఆ స్థితిలో అది హార్మోనును పట్టుకోలేదు. హాప్ అనే మరో ప్రొటీన్ ఒక పక్క హెచ్‌ఎస్‌పీ70ని, మరో పక్క హెచ్‌ఎస్‌పీ90ని పట్టుకుని వంతెనలా నిలుస్తుంది. గ్రాహకం ఒకరి చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకి మారుతుంది. హెచ్‌ఎస్‌పీ90 చేతులు మూసుకుంటాయి, పీ23 అనే సహాయకుడు వచ్చి ఆ మూతను బిగించి పట్టుకుంటుంది. ఇప్పుడు గుంట తెరుచుకుని హార్మోను కోసం సిద్ధంగా ఉంటుంది. ఈ మజిలీల్లో రెండింటి చిత్రాలను అతిశీతల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో 2022లో ప్రచురించారు.

అంటే మాత్ర వేసుకున్న మనిషికి ఉపశమనం కలగాలంటే ఆ మాత్రకు ముందే హెచ్‌ఎస్‌పీ90 తన పని చేసి ఉండాలి. పీ23, హాప్ లాంటి సహాయకులను సహ షాపెరోన్లు అంటారు. ఏ ప్రొటీన్‌ను తీసుకురావాలి, ఎంతసేపు పట్టుకోవాలి, ఎప్పుడు వదిలేయాలి అనేది చాలావరకు వీటి చేతుల్లోనే ఉంటుంది. కణంలో పెరుగుదల వంటి సంకేతాలను నడిపించే కైనేజులు అనే ఎంజైములను తెచ్చి అప్పగించే సీడీసీ37 కూడా ఇలాంటిదే. వాటిలో చిప్ అనే దాని పని వేరు. పట్టుకున్న ప్రొటీన్ ఎంతకీ కుదురుకోకపోతే దానికి యుబిక్విటిన్ అనే గుర్తు వేసి, ముక్కలు చేసే ప్రొటియాజోముకు పంపించేస్తుంది. కాపాడే బృందంలోనే తొలగింపును నిర్ణయించే సభ్యుడు కూడా ఉన్నాడన్నమాట.

ఒకే ప్రొటీన్, రెండు స్వభావాలు

క్యాన్సర్‌తో ఈ ప్రొటీన్ సంబంధం మొదట కోళ్ల వైరస్‌తో బయటపడింది. రౌస్ సార్కోమా వైరస్ కోళ్లలో కణితులు పుట్టిస్తుంది. అందుకు అది వాడే ఆయుధం వీ-సార్క్ అనే కైనేజు. 1980ల మొదట్లో ఈ వీ-సార్క్‌ను కణంలోంచి బయటికి లాగితే దానితో పాటు 90 కిలోడాల్టన్ల ప్రొటీన్ ఒకటి అతుక్కుని వస్తున్నట్టు కనుగొన్నారు. అదే హెచ్‌ఎస్‌పీ90.

ఆరోగ్యకరమైన కణంలో కూడా సార్క్ ఉంటుంది, దాన్ని సీ-సార్క్ అంటారు. రెండూ దాదాపు ఒకటే. అయితే సీ-సార్క్‌కు హెచ్‌ఎస్‌పీ90 అవసరం చాలా తక్కువ. వీ-సార్క్ మాత్రం అది లేనిదే నిలబడలేదు. కారణం వీ-సార్క్‌లోని మార్పులు. ఆ మార్పులు దాన్ని ఎప్పుడూ ఆగకుండా పనిచేసేలా చేశాయి, అదే సమయంలో దాని ఆకారాన్ని అస్థిరంగా కూడా చేశాయి. అదుపు తప్పడం, నిలకడ తప్పడం ఇక్కడ కలిసే వచ్చాయి.

ఈ జంటలో అసలు విషయమంతా ఉంది. హెచ్‌ఎస్‌పీ90 తన దగ్గరికి వచ్చిన ప్రొటీన్ మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అని చూడదు. చూడలేదు. ఆకారం నిలకడగా ఉందా లేదా అన్నదే దానికి తెలుస్తుంది. రొమ్ము క్యాన్సర్‌లో హెర్2, మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో మార్పు చెందిన బీ-రాఫ్, ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో మార్పు చెందిన ఈజీఎఫ్ఆర్, ఇవన్నీ దాని ఆసరాతో నిలిచేవే. క్యాన్సర్ కణం తన లోపాల భారాన్ని మోయడానికి, మన కణాలను కాపాడే వ్యవస్థనే వాడుకుంటోంది.

నేలలోని సూక్ష్మజీవి ఇచ్చిన మందు

జెల్డానమైసిన్ అనే పదార్థాన్ని స్ట్రెప్టోమైసిస్ జాతి బ్యాక్టీరియా తయారు చేస్తుంది. అది క్యాన్సర్ కణాలను మామూలు కణాల్లా మార్చడం చూసి, కైనేజులను నేరుగా అడ్డుకుంటోందని చాలాకాలం అనుకున్నారు. 1994లో అసలు లక్ష్యం తేలింది. అది హెచ్‌ఎస్‌పీ90ని పట్టుకుంటోంది. ఏటీపీ కూర్చునే గుంటలోనే అది కూర్చుంటుందని తరువాత వచ్చిన నిర్మాణచిత్రాలు చూపించాయి. దాంతో చేతులు మూసుకోవు, ఆసరా కోల్పోయిన కైనేజులు ప్రొటియాజోము పాలవుతాయి.

ఎంతో ఆశ పుట్టించిన ఆలోచన ఇది. ఒక్కో క్యాన్సర్ ప్రొటీన్‌కు ఒక్కో మందు వెతికే బదులు, అన్నింటికీ ఆసరా ఇచ్చే స్తంభాన్నే కదిలిస్తే సరిపోతుంది కదా! జెల్డానమైసిన్ కాలేయానికి హాని చేయడంతో దాని రూపాంతరమైన టానెస్పిమైసిన్‌ను మనుషుల మీద పరీక్షించడం 1999లో మొదలైంది. ఆ తరువాత పదికి పైగా మందులు బరిలోకి దిగాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో గానెటెస్పిబ్ మూడో దశ పరీక్షల దాకా వెళ్లింది, ప్రయోజనం కనిపించక 2015లో ఆపేశారు.

ఎందుకిలా జరిగిందో ఒక ఊహాలెక్కతో చూద్దాం. అంకెలు నావి, తర్కం కణానిది. ఆరోగ్యకరమైన కణంలో 100 హెచ్‌ఎస్‌పీ90 జంటలు ఉన్నాయనుకోండి, అవసరం 50. క్యాన్సర్ కణంలో 150 ఉన్నాయి, అవసరం 140. మందు 40 శాతాన్ని పనికిరాకుండా చేసింది. ఆరోగ్యకణానికి ఇంకా 60 మిగిలాయి, లోటు లేదు. క్యాన్సర్ కణానికి 90 మాత్రమే మిగిలాయి, 50 ప్రొటీన్లు దిక్కులేనివయ్యాయి. మందు గెలిచినట్టే కనిపిస్తుంది.

ఇక్కడే హెచ్‌ఎస్‌ఎఫ్1 రంగంలోకి వస్తుంది. షాపెరోన్ల జన్యువులను మేల్కొల్పే ప్రొటీన్ ఇది. మామూలుగా షాపెరోన్లే దీన్ని పట్టుకుని నిద్రపుచ్చుతాయి. మడత విడిపోయిన ప్రొటీన్లు పెరిగి షాపెరోన్లకు తీరిక లేకపోయినా, మందు వచ్చి షాపెరోన్‌ను అడ్డుకున్నా, హెచ్‌ఎస్‌ఎఫ్1 విడుదలై కొత్త షాపెరోన్ల తయారీకి ఆజ్ఞ ఇస్తుంది. దాంతో క్యాన్సర్ కణంలో నిల్వ 150 నుంచి 220కి పెరిగిందనుకుందాం. అందులో 40 శాతం పోయినా 132 మిగులుతాయి. అవసరమైన 140కి దాదాపు అందినట్టే. దీనికి తోడు హెచ్‌ఎస్‌పీ70 కూడా పెరిగి కణం చనిపోకుండా అడ్డుపడుతుంది. రోగుల రక్తకణాల్లో హెచ్‌ఎస్‌పీ70 పెరగడాన్నే మందు లక్ష్యాన్ని చేరిందనడానికి గుర్తుగా వాడారు. మందు పనిచేస్తోందనడానికి ఏది గుర్తో, మందును తట్టుకునే మార్గం కూడా అదే కావడం పరిశోధకులకు నిజంగా బాధాకరమైన విషయం.

మోతాదు పెంచి 60 శాతాన్ని అడ్డుకుంటే? క్యాన్సర్ కణానికి 88 మిగులుతాయి, కానీ ఆరోగ్యకణానికి కూడా 40 మాత్రమే మిగిలి, అవసరమైన 50 అందవు. ఆరోగ్యకణం కూడా కొంత నిల్వ పెంచుకుంటుంది, లెక్క సులువు కోసం దాన్ని పక్కన పెట్టాను. పరీక్షల్లో విరేచనాలు, కొన్ని మందులతో చూపు మసకబారడం, రేచీకటి కనిపించడానికి మూలం ఇలాంటి లోటే. పేగు పొర కణాలు, రెటీనా కణాలు కూడా హెచ్‌ఎస్‌పీ90 మీద ఆధారపడినవే.

క్యాన్సర్ కణాల్లోని హెచ్‌ఎస్‌పీ90 మామూలు కణాల్లో కంటే భిన్నమైనదా అన్న దాని మీద ఏకాభిప్రాయం లేదు. కణితుల్లో అది ఇతర షాపెరోన్లతో గట్టిగా కలిసిపోయి పెద్ద గుంపులుగా ఉంటుందని, మందు ఆ గుంపులనే గట్టిగా పట్టుకుంటుందని ఒక వర్గం వాదన. కణితుల్లో మందు ఎక్కువకాలం నిలిచి ఉండటం వారికి బలమైన ఆధారం. ప్రొటీన్ ఒకటే, దాని మీద భారం మాత్రమే ఎక్కువ అని రెండో వర్గం అంటుంది. నా చదువు మేరకు రెండో వాదన సరళమైనది, మొదటిది మందుల రూపకల్పనకు ఎక్కువ దారులు చూపించేది. ఒకటి నిజమైతే రెండోది పూర్తిగా అబద్ధం కానక్కరలేదు.

మెదడులో చిక్కుముడి

అల్జీమర్స్‌లో న్యూరాన్ల లోపల టౌ అనే ప్రొటీన్ పోగుపడి చిక్కులు కడుతుంది. షాపెరోన్ల పనే ముద్ద కట్టకుండా చూడటం కదా, హెచ్‌ఎస్‌పీ90 ఇక్కడ మేలు చేయాలి. కొంతవరకు చేస్తుంది కూడా. కానీ ఎఫ్‌కేబీపీ51 అనే సహ షాపెరోన్‌తో కలిసినప్పుడు అది చెడిపోయిన టౌను తొలగింపుకు పంపకుండా నిలిపి ఉంచుతుందని, హానికరమైన చిన్న గుంపులు పెరగడానికి తోడ్పడుతుందని ఎలుకల్లో తేలింది. చిప్‌తో కలిస్తే అదే టౌను తొలగింపుకు పంపుతుంది. పక్కన ఎవరున్నారన్న దాన్ని బట్టి ఫలితం తారుమారవుతుంది.

వయసు పెరిగేకొద్దీ హెచ్‌ఎస్‌ఎఫ్1 చురుకుదనం తగ్గుతుందని పురుగుల నుంచి పాలిచ్చే జంతువుల దాకా జరిగిన పరిశీలనలు సూచిస్తున్నాయి. న్యూరాన్లు విభజన చెందవు కాబట్టి, చెడ్డ ప్రొటీన్లను కొత్త కణాల్లోకి పంచి పలుచన చేసుకునే అవకాశం వాటికి లేదు. షాపెరోన్లను పెంచితే మేలన్న ఆలోచనకు బలం ఇక్కడి నుంచే వచ్చింది. అయితే అదే హెచ్‌ఎస్‌ఎఫ్1 లేకుండా చేసిన ఎలుకల్లో కణితులు ఏర్పడటం బాగా తగ్గింది. మెదడుకు మందుగా అనిపించేది ఇంకోచోట కణితికి ఎరువు కావచ్చు.

దాగి ఉన్న లోపాలు, జ్వరం

1998లో సుజాన్ రూథర్‌ఫర్డ్, సూసన్ లిండ్‌క్విస్ట్ పండు ఈగల్లో హెచ్‌ఎస్‌పీ90ని తగ్గించి చూశారు. కళ్లు, రెక్కలు, కాళ్లు వింతగా మారిన ఈగలు పుట్టాయి. ఒక్కో వంశంలో ఒక్కో రకం మార్పు. ఆ వంశంలో ముందు నుంచే ఉండి, బయటపడకుండా ఉన్న జన్యు తేడాలను ఇంతకాలం హెచ్‌ఎస్‌పీ90 కప్పిపెడుతోందని, ఒత్తిడి వచ్చినప్పుడు ఆ ముసుగు తొలగుతుందని వారు వివరించారు. 2010లో మరో బృందం వేరే కారణాన్ని చూపించింది. హెచ్‌ఎస్‌పీ90 తగ్గితే డీఎన్ఏలో చోటు మారే దుముకుడు జన్యువుల మీద అదుపు తప్పి, కొత్త మార్పులే పుడుతున్నాయని. పాతవి బయటపడటం, కొత్తవి పుట్టడం రెండూ జరుగుతున్నాయని అనుకోవడానికి ఆధారాలున్నాయి, ఏది ఎంత అన్నది వివాదం.

మనుషులకు సంబంధించి దీని అర్థం 2017లో ఫాంకోనీ అనీమియాలో కనిపించింది. డీఎన్ఏ మరమ్మతు వ్యవస్థలో లోపం వల్ల వచ్చే జబ్బు ఇది. ఫాంక్-ఏ అనే ప్రొటీన్‌లోని కొన్ని మార్పులు హెచ్‌ఎస్‌పీ90 ఆసరాతో చాలావరకు పనిచేస్తాయి, అలాంటి రోగుల్లో జబ్బు తీవ్రత తక్కువ. కణాలను జ్వరం స్థాయి ఉష్ణోగ్రతలో ఉంచితే ఆ ఆసరా చాలక మరమ్మతు దెబ్బతింది. ఒకే జన్యులోపం ఉన్నవారిలో జబ్బు ఒకరికి ఎక్కువగా, మరొకరికి తక్కువగా ఎందుకు ఉంటుందన్న పాత ప్రశ్నకు ఇది పాక్షిక సమాధానం.

పెంచాలా, తగ్గించాలా?

మొదటి ప్రశ్నకు తిరిగి వస్తే, వేడికి కొన్ని హీట్ షాక్ ప్రొటీన్లు పెరగడం నిజమే. పెరుగుదలను కొలవడం వేరు, ఆ పెరుగుదల వల్లే ఆరోగ్యం బాగుపడిందని రుజువు చేయడం వేరు. ఆవిరి స్నానం గుండె వేగాన్ని, రక్తనాళాలను కూడా ప్రభావితం చేస్తుంది, అందులో షాపెరోన్ల వాటా ఎంతో విడదీసి చెప్పడం తేలిక కాదు.

తగ్గించే వైపు మాత్రం ఒక మందు ఆమోదం దాకా చేరింది. జీర్ణాశయ, పేగు గోడల్లో పుట్టే జిస్ట్ అనే కణితులకు పిమిటెస్పిబ్‌ను 2022లో జపాన్ అనుమతించింది. ఈ కణితులను నడిపే కిట్ అనే కైనేజు హెచ్‌ఎస్‌పీ90 ఆసరాతో నిలిచేదే. అప్పటికే ఇతర మందులన్నీ విఫలమైన 86 మంది మీద జరిగిన పరీక్షలో జబ్బు ముదరకుండా నిలిచిన కాలం, మధ్యగతంగా, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 1.4 నెలలు, మందు వేసుకున్నవారిలో 2.8 నెలలు. రెట్టింపు అని రాయవచ్చు, నెలన్నర అని కూడా రాయవచ్చు. రెండూ నిజమే. ఏ దారీ మిగలని రోగికి ఆ నెలన్నర చిన్నదని నేను అనలేను.

ఆ మందును రోజూ ఇవ్వరు. 5 రోజులు ఇచ్చి 2 రోజులు ఆపుతారు, దుష్ఫలితాల నుంచి ఒళ్లు తేరుకోవడానికి. ఇప్పుడు ప్రయోగశాలల్లో ఆల్ఫా, బీటాల్లో ఒక్కదాన్నే పట్టుకునే అణువుల కోసం, గుంటను మూసే బదులు సీడీసీ37 లాంటి ఒక్క సహాయకుడిని మాత్రమే దూరం చేసే అణువుల కోసం వెతుకుతున్నారు. గుంటను కాకుండా వేరే చోటును తాకితే హెచ్‌ఎస్‌ఎఫ్1 మేల్కొనకపోవచ్చన్నది ఆ వెతుకులాటలో ఒక ముఖ్యమైన ఆశ.